ఎడారి మేత: చెడ్డ ఏడాది లెక్క

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రపు దక్షిణ భాగంలో, లాస్ క్రూసెస్ పట్నానికి కాస్త ఎగువన, హోర్నాడా అనే పరిశోధన క్షేత్రం ఉంది. విస్తీర్ణం సుమారు 1,93,000 ఎకరాలు. ఎడారి గడ్డి మీద పశువుల్ని ఎలా మేపాలన్న ప్రశ్నతో 1912లో మొదలైంది. ఇప్పటికీ అదే పని మీద ఉంది. అక్కడ ఏడాదికి సగటున పడే వాన 245 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో పడేదాంట్లో సగమైనా లేదు. ఆ కాస్తలోనూ సగానికి పైగా జులై నుంచి సెప్టెంబరు లోపలే కురిసి పోతుంది. ఒక ఆవు ఏడాది పొడుగునా అక్కడ మేసి బతకాలంటే వంద ఎకరాల పైనే కావాలి.

ఇలాంటి చోట నేల పాడవకుండా, మంద నిలబడి, మేపినవాడికి నాలుగు డబ్బులు మిగలడం సాధ్యమేనా? ఈ ప్రశ్న మీద వందేళ్లుగా పోగైన శాస్త్రం కొండంత ఉంది. గడ్డి శాస్త్రజ్ఞులు గడ్డి గురించి రాస్తారు, ఆర్థికవేత్తలు డాలర్ల గురించి, కాపరుల సంఘాలు హక్కుల గురించి. ఒకరిది ఒకరు చదివిన దాఖలాలు తక్కువ. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒక జల్లెడ పనికొచ్చింది. ఏ పద్ధతినైనా, ఏ పథకాన్నైనా, వాన బాగా పడిన ఏడాది అది ఏం ఇస్తుందని అడగడం దండగ. కరువు ఏడాదిలో ఏం చేస్తుందో అడగాలి. ఎడారిలో సగటు వాన పడే ఏడాది అరుదు. మేత మీద బతికేవాడి లాభనష్టాలు తేలేదీ, గడ్డి చావుబతుకులు తేలేదీ చెడ్డ ఏడాదిలోనే.

ముందు గడ్డి ఎలా పోయిందో చూద్దాం. లాస్ క్రూసెస్‌కు 1881లో రైలు వచ్చింది. అంతకు ముందు నీళ్లు దొరికే చోట్ల మాత్రమే తిరిగిన మందలు, రైలు తెచ్చిన మార్కెట్‌తోనూ బావులు తోడిన గాలిమరలతోనూ మైదానమంతా పరుచుకున్నాయి. బీడు ఎవరిదీ కాదు, ముందు మేపినవాడిదే మేత. 1891 నుంచి 93 దాకా వాన మొహం చాటేసింది. పక్కనే ఉన్న దక్షిణ అరిజోనాలో మందల్లో సగం నుంచి ముప్పాతిక దాకా చచ్చాయని అంచనా. అయితే అవి చచ్చేలోపు ఆఖరి దుబ్బు దాకా కొరికేసి చచ్చాయి. హోర్నాడా నేలల మీద 1858 నాటి భూసర్వే పుస్తకాలను వందేళ్ల తర్వాత పరిశోధకులు తిరగేశారు. 1858లో తొంభై శాతానికి పైగా నేల మీద మంచి గడ్డి ఉంది. 1963 నాటికి అది పాతిక శాతం లోపుకు దిగింది. గడ్డి పోయిన చోటల్లా మెస్కీట్ పొదలు లేచాయి. మన ఊళ్లలో సర్కారు తుమ్మ అంటామే, దానికి అది దగ్గరి చుట్టం.

ఆ ప్రాంతపు మేలైన గడ్డి పేరు బ్లాక్ గ్రామా. విత్తనంతో మొలవడం దానికి అంతగా చేతకాదు. నేల మీద పాకే కాడలతో వ్యాపిస్తుంది. ఒక వానాకాలం కాడ సాగితే, మరుసటి వానాకాలం కూడా తడి దొరికితేనే ఆ కాడ కణుపు దగ్గర వేరూనుతుంది. అంటే వరసగా రెండు మంచి ఏళ్లు రావాలి, ఆ రెండేళ్లూ ఆ కాడను ఏ ఆవూ కొరక్కూడదు. మెస్కీట్‌కు ఈ బాధ లేదు. దాని కాయలు తియ్యగా ఉంటాయి, పశువు ఇష్టంగా తింటుంది, గింజ అరగకుండా పేడలో బయటపడి ఎరువుతో సహా మొలుస్తుంది. గడ్డి పల్చబడిన నేల మీద గాలి మట్టిని లేపి పొద మొదట్లో పోస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ సారమంతా పొద కింద గుట్టగా చేరి, పొదకూ పొదకూ మధ్య నేల వట్టిపోతుంది. 1990లో విలియం ష్లెసింజర్ బృందం 'సైన్స్' పత్రికలో వివరించింది ఈ క్రమాన్నే. ఒకసారి మొదలైతే ఈ చక్రం పశువులు లేకపోయినా తిరుగుతుంది.

ఇక్కడే పాత శాస్త్రం బోర్లా పడింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రెడరిక్ క్లెమెంట్స్ చెప్పిన సిద్ధాంతం ప్రకారం, ఒత్తిడి తీసేస్తే ప్రకృతి మెట్టు మెట్టుగా తన పాత స్థితికి తిరిగి వస్తుంది. కాబట్టి మందను తగ్గిస్తే చాలు, గడ్డి అదే వస్తుంది. హోర్నాడాలో 1930ల్లో కంచె వేసి పశువుల్ని పూర్తిగా బయట పెట్టిన ముక్కలు ఉన్నాయి. దశాబ్దాలు ఎదురు చూసినా వాటిల్లో గడ్డి రాలేదు సరికదా, పొదలు ఇంకా పెరిగాయి. 1989లో వెస్ట్‌బీ, వాకర్, నాయ్-మేయర్ అనే ముగ్గురు కొత్త చట్రం ఇచ్చారు. నేలకు కొన్ని నిలకడ స్థితులుంటాయి. కరువూ మేతా కలిసొచ్చినప్పుడు ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి జారుతుంది. జారిన దారినే వెనక్కి ఎక్కలేం. "ఎడారిలో పశువుల్ని తీసేయండి, నేల దానంతటదే బాగుపడుతుంది" అనే పర్యావరణవాదులకూ, "కాస్త మేత ఎక్కువైనా వాన వస్తే సర్దుకుంటుంది" అనే రాంచర్లకూ (పెద్ద పశువుల బీళ్ల ఆసాములకూ) ఈ ఒక్క సంగతి సమానంగా చేదు.

ఇంకో పక్క, 1988లో ఎల్లిస్, స్విఫ్ట్ కెన్యాలోని తుర్కానా ప్రాంతాన్ని చూసి మరీ పెద్ద బాంబు పేల్చారు. అక్కడ మందల సంఖ్యను నిర్ణయించేది గడ్డి కాదు, కరువు. మంద పెరిగి గడ్డిని తినేసే స్థాయికి చేరకముందే కరువు వచ్చి కోసేస్తుంది. కాబట్టి అతిమేత అనే మాటకే అక్కడ అర్థం లేదన్నారు. అప్పటిదాకా కాపరుల్ని నేరస్థుల్లా చూసిన ప్రభుత్వాలకు ఇది చెంపదెబ్బ. కానీ ఆ ఊపులో కొందరు, ఎడారిలో ఎంత మేపినా ఏం కాదనే దాకా పోయారు. 1999లో ఇలియస్, ఓ'కానర్ దాన్ని సరిదిద్దారు. మంద ఎంత ఉండాలో తేల్చేది వానాకాలపు విశాలమైన బీడు కాదు. ఎండాకాలంలో, కరువులో ఆదుకునే కొద్దిపాటి పల్లపు నేల, వాగు ఒడ్డు, చెట్ల మేత. మంద ఆ చిన్న ముక్క మీద ఆధారపడుతుంది, పాడైతే ఆ ముక్కే ముందు పాడవుతుంది. ఈ మొత్తం వాదోపవాదాల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట ఇదే.

ఇక డబ్బు సంగతి. హోర్నాడా పక్కనే న్యూమెక్సికో స్టేట్ యూనివర్సిటీకి చెందిన బీళ్లలో జెర్రీ హోలెచెక్ దశాబ్దాల పాటు చేసిన పని ఈ విషయంలో మూలస్తంభం. ఆ ఏడాది మొలిచిన మేతలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పశువుతో మేపిస్తే, నేల బాగుండటమే కాదు, దీర్ఘకాలంలో రాబడీ మేలుగా ఉంటుందని ఆయన తేల్చారు. 2000లో ఆయనా సహచరులూ ఇంకా జాగ్రత్తగా లెక్క కట్టారు: పావు వంతు పశువుకు, పావు వంతు వన్యప్రాణులకూ పురుగూ పుట్రకూ గాలివానకూ పోయేది, మిగిలిన సగం నేలను కాపాడటానికి.

తక్కువ పశువులతో ఎక్కువ లాభం ఎలా వస్తుంది? రాంచర్ అమ్మేది దూడను. ఆవు ఒళ్లు చేసి ఉంటేనే ఎదకు వస్తుంది, చూడి కడుతుంది. అది చిక్కితే ఆ ఏడాది దూడ లేదు, ఖర్చు మాత్రం ఉంది. బీడు నిండా పశువుల్ని వదిలినవాడికి మంచి ఏడాదిలో దూడలు ఎక్కువే. కరువు రాగానే రెండు దారులు మిగులుతాయి. గడ్డి కొని మేపాలి, ఆ గడ్డి ధర అప్పటికే ఆకాశంలో ఉంటుంది. లేదా అమ్మేయాలి, చుట్టుపక్కల వాళ్లందరూ అదే వారం అమ్మకానికి తెస్తారు కాబట్టి సంతలో ధర పాతాళానికి పోయి ఉంటుంది. మళ్లీ వాన పడ్డాక మంద కట్టుకోవాలంటే అందరూ కొనేవాళ్లే, అమ్మేవాడుండడు. అగ్గువకు అమ్మి పిరానికి కొనడం అనే ఈ ఒక్క చక్రం పదేళ్ల లాభాన్ని మింగేస్తుంది. విత్తనాల గరిసెలోంచి తీసి వండుకు తిన్న రైతు పరిస్థితే ఇతనిదీ. తక్కువ పశువులున్నవాడికి బీడు మీద పాత గడ్డి మిగిలి ఉంటుంది, సంతకు పరిగెత్తాల్సిన పని ఆలస్యమవుతుంది. ఆ కొన్ని నెలల ఆలస్యమే అతని లాభం.

ఇంత తేలిగ్గా ఉన్నదాన్ని అందరూ ఎందుకు పాటించరు? బ్యాంకు అప్పు తలల లెక్క మీద వస్తుంది. బీడు అమ్మకం ధర కూడా "ఇన్ని ఆవుల బీడు" అనే మాట మీదే పలుకుతుంది. పదిలో ఆరేడేళ్లు గడ్డి వృథాగా ఎండిపోతున్నట్టు కళ్లకు కనిపిస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం. అందుకే ఇప్పుడు చాలామంది సలహా ఏమిటంటే, తల్లి ఆవుల మందను చిన్నదిగా ఉంచి, మంచి ఏడాది వచ్చినప్పుడు ఏడాది వయసు దూడలతో పైమేత మేపించి అమ్మేయడం. చెడ్డ ఏడాదిలో ముందు పోయేవి ఆ దూడలే, మంద పునాది కదలదు.

ఈ చర్చలో ఎక్కువ గొంతు వినిపించేది మాత్రం వేరే వాదం. జింబాబ్వేకు చెందిన అలన్ సేవరీ, మందను ఒక్కచోట దట్టంగా నడిపించి త్వరత్వరగా ముక్కలు మార్చితే గిట్టల తొక్కిడికి నేల బాగుపడుతుందనీ, ఎక్కువ పశువులతోనే ఎడారిని పచ్చగా చేయొచ్చనీ దశాబ్దాలుగా చెబుతున్నారు. 2013లో ఆయన ఇచ్చిన టెడ్ ఉపన్యాసాన్ని లక్షల మంది చూశారు. అయితే అంతకు ముందే, 2008లో డేవిడ్ బ్రిస్క్ బృందం మేత మార్పిడి మీద జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి చూస్తే, ఎక్కువ భాగం ప్రయోగాల్లో మామూలుగా వదిలి మేపడం కన్నా మార్పిడి మేత మెరుగైన ఫలితమేదీ ఇవ్వలేదు. సేవరీ పక్షం వాళ్లు, ప్రయోగాల్లో ముక్కలు ముందే రాసుకున్న తారీఖుల ప్రకారం మార్చారు, నిజమైన రాంచర్ నేలను చూసి మారుస్తాడు అంటారు. ఆ మాటలో కొంత నిజముంది. అయితే నేలను చూసి నిర్ణయం తీసుకోవడమే మందు అయితే, దాన్ని దట్టమైన మందకు ముడిపెట్టాల్సిన అవసరమేముంది? తక్కువ వాన పడే చోట, కరువు ఏడాదిలో, దట్టమైన మంద అడుగడుగునా ప్రమాదమే. ఈ జల్లెడలో సేవరీ పద్ధతి నిలవదని నా అభిప్రాయం.

పశువు జాతి సంగతికి వస్తే విషయం ఆసక్తిగా మారుతుంది. అమెరికా ఎడారిలో మేసే యాంగస్, హియర్‌ఫోర్డ్ ఆవులు బ్రిటన్ పచ్చిక మీద పుట్టిన జాతులు. ఒళ్లు పెద్దది, నీళ్ల తొట్టి వదిలి ఎక్కువ దూరం పోవు. ఎడారి బీళ్లను పై నుంచి చూస్తే ప్రతి తొట్టి చుట్టూ గడ్డి లేని నేల ఒక వలయంగా కనిపిస్తుంది. తొట్టికి అర కిలోమీటరు దూరంలో పేడ, దుమ్ము, అరిగిన మోడులు తప్ప ఏమీ ఉండవు. అయిదారు కిలోమీటర్ల అవతల ఎవరూ ముట్టని గడ్డి నిలువునా ఎండి ఉంటుంది. అంటే బీడు మొత్తాన్ని ఎకరాల లెక్కన చూపి పశువుల్ని వదిలితే, నిజానికి భారం పడేది తొట్ల చుట్టూ ఉన్న కొద్ది భాగం మీదే. తొట్లు పెంచితే భారం పంచుకుంటుందని చాలా చోట్ల పెంచారు. కొన్ని చోట్ల అది ఫలించింది. ఇంకొన్ని చోట్ల, కరువులో ఆదుకోవడానికి మిగిలిన ఆ దూరపు గడ్డి కూడా మామూలు ఏడాదిలోనే అయిపోయింది.

హోర్నాడా వాళ్లు ఇంకో దారి పట్టారు. మెక్సికోలోని చివావా రాష్ట్రపు లోయల్లో రారామురి అనే ఆదివాసులు సాకే క్రియోయో ఆవుల్ని తెచ్చి పరిశీలించడం మొదలుపెట్టారు. స్పానిష్ వాళ్లు ఓడల్లో తెచ్చిన పశువుల సంతతి అవి. అయిదు వందల ఏళ్లు ఎవరూ మెరుగు పరచకపోవడమే వాటి మెరుగు. చిన్న ఒళ్లు, కొమ్ములు, ఒక్కోటి ఒక్కో రంగు. మెడకు జీపీఎస్ కట్టి చూస్తే, గడ్డి తగ్గిన ఎండు నెలల్లో యాంగస్ ఆవులు తొట్టి దగ్గర చేరితే, ఇవి ఇంకా దూరం పోయి అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకు తింటాయి. ఒళ్లు చిన్నది కాబట్టి ఒక్కో ఆవుకు పట్టే మేత తక్కువ. కరువు పరీక్షలో నెగ్గినట్టే. చిక్కు సంతలో వచ్చింది. రంగురంగుల చిన్న దూడను చూసి కొనుగోలుదారు మొహం చిట్లిస్తాడు, ధర కోస్తాడు. అందుకని క్రియోయో ఆవును పెద్ద మాంసం జాతి ఆబోతుతో దాటించి, తల్లి ఖర్చు తక్కువ, దూడ బరువు ఎక్కువ అయ్యేలా చూస్తున్నారు. దూరంగా మేసే గుణాన్ని దూడ అమ్మకం దగ్గర వదులుకుంటే నష్టం లేదు. బీడు మీద ఉండేది తల్లే కదా.

దీనికి పోలిక మన దేశంలోనే ఉంది. కచ్ జిల్లాలోని బన్నీ, రణ్ ఒడ్డున సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల ఉప్పు నేలల గడ్డిమైదానం. అక్కడి మాల్‌ధారీ కాపరులు సాకే బన్నీ గేదెలు సాయంత్రం పాలు పిండాక మేతకు బయలుదేరతాయి. కాపరి వెంట వెళ్లడు. రాత్రంతా చల్లటి వేళ గుంపుగా మేసి, తెల్లవారేసరికి పాలు ఇవ్వడానికి తమంతట తామే ఊరికి తిరిగొస్తాయి. ఎండకు దాక్కునే నల్ల ఒంటి పశువును ఎడారిలో పోషించడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం ఉండదు. ఈ జాతిని 2010లో అధికారికంగా గుర్తించారు. ఒకప్పుడు అక్కడ కాంక్రేజ్ ఆవులది పైచేయి. ఉప్పు నేల ముందుకు రాకుండా అంటూ 1960ల మొదట్లో అటవీశాఖ చల్లిన సర్కారు తుమ్మ మైదానాన్ని కమ్ముకున్నాక లెక్క మారింది. ఆ కాయలు ఎక్కువగా తింటే ఆవులు జబ్బుపడి చస్తాయి, గేదెలు తట్టుకుంటాయి. కాపరులు గేదెల వైపు మొగ్గడానికి ఇదొక కారణం. పాల శీతలీకరణ కేంద్రాలు వచ్చి పాలకు ధర పలకడం మరో కారణం. కరువులో తుమ్మకాయ కొంత మేతగా పనికొస్తుంది, బొగ్గు కాల్చి అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయి. అందుకే దాన్ని పూర్తిగా పీకేయాలా వద్దా అన్న దాని మీద ఊళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. పీకి చూసిన చోట గడ్డి బాగానే వచ్చింది. వేరుతో సహా తీయని చోట తుమ్మ రెట్టింపై లేచింది. న్యూమెక్సికోలోనూ అంతే. 2005 నుంచి అక్కడి భూనిర్వహణ సంస్థ లక్షల ఎకరాల్లో పొదల మీద మందు చల్లించింది. గడ్డి తిరిగొచ్చిన చోట్లున్నాయి, అయితే ఆ ఖర్చును గొడ్డు మాంసం అమ్మి రాబట్టడం ఏ రాంచర్‌కూ సాధ్యం కాదు. ప్రభుత్వం పెట్టుకోవాల్సిన పద్దు అది.

ఈ మధ్య అందరి నోటా వినిపించేది మెడపట్టీల కంచె. తీగ కంచె ఉండదు. తెర మీద గీత గీస్తే చాలు, ఆవు ఆ గీత దగ్గరికి రాగానే మెడలోని పట్టీ ముందు బీప్ అంటుంది, వినకుండా ముందుకు పోతే చిన్న షాక్ కొడుతుంది. నాలుగైదు రోజుల్లో చాలా పశువులు శబ్దానికే తిరిగిపోతాయి. ఈ ఆలోచన మీద తొలి రోజుల్లో పని చేసినవాళ్లలో హోర్నాడాకు చెందిన డీన్ ఆండర్సన్ ఒకరు. కరువు పరీక్షలో దీనికి మంచి మార్కులే వేస్తాను. వాన ఒక పక్క పడి ఇంకో పక్క పడని బీడులో, గీతను ఆ సాయంత్రమే జరపొచ్చు. వాగు ఒడ్డును కాపాడొచ్చు. తొట్టిలో నీళ్లు తగ్గాయో లేదో చూడ్డానికి రోజూ యాభై మైళ్లు బండి నడపకుండా ఫోన్‌లోనే చూసుకునే పరికరాలు కూడా వచ్చాయి. డీజిల్ ఆదా, మనిషి ఆదా. కాకపోతే పట్టీకి ఏటా చందా కట్టాలి, బ్యాటరీలు మార్చాలి, సిగ్నల్ టవర్లు కావాలి. చెడ్డ ఏడాదిలో రాబడి పడిపోయినా చందా పడిపోదు. పెద్ద రాంచ్‌కు ఇది లాభసాటి కావచ్చు. నాలుగు వందల గొర్రెల కాపరికి ఆ పని కుక్కా, కొడుకూ కలిసి చేస్తున్నారు.

పశువును కదిలించడమన్నది కొత్తగా కనుగొన్నదేమీ కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ కిడ్‌మన్ అనే పశువుల వ్యాపారి ఉత్తరం నుంచి దక్షిణానికి నదీ మార్గాల వెంబడి వరసగా బీళ్లు కొన్నాడు. ఒకచోట వాన తప్పితే మందను ఇంకో చోటికి తోలుకుపోవడానికే ఆ వరస. వందేళ్ల కిందటి కరువుల్లో చుట్టుపక్కల వాళ్లు దివాలా తీస్తే అతను నిలబడటానికి అది పెద్ద కారణం. అంత డబ్బు లేనివాళ్లకు అదే పని ఉమ్మడి బీడు చేస్తుంది. ఇథియోపియా బోరన కాపరుల వలస మేతను 1980ల్లో కొలిచిన పరిశోధకులు, నేల లెక్కన దాని దిగుబడి కెన్యా రాంచ్‌ల కన్నా ఎక్కువని తేల్చారు. పాలు, మాంసం రెండూ కలిపి లెక్కేస్తే మరి. ఒక్క మాంసమే చూసేవాళ్లకు ఆ సంగతి కనపడదు. న్యూమెక్సికో, అరిజోనా సరిహద్దులో 1994లో ఏర్పడ్డ మాల్పై బార్డర్‌ల్యాండ్స్ గ్రూప్ అనే రాంచర్ల సంఘం ఇంకో ఏర్పాటు చేసింది. పక్కనే ఉన్న గ్రే రాంచ్ అనే పెద్ద బీడును గడ్డి బ్యాంకులా వాడుకున్నారు. కరువొచ్చిన రాంచర్ తన మందను అక్కడికి తోలి మేపుకునేవాడు. బదులుగా తన భూమిని ముక్కలు చేసి ఇళ్ల స్థలాలకు అమ్మనని రాసిచ్చేవాడు. ఈ మొత్తం సమీక్షలో నా మనసుకు నచ్చిన ఏర్పాటు ఇదే. ఒకే ఒప్పందంలో కరువు మేతా, భూమి భద్రతా రెండూ ఉన్నాయి.

కరువు ఏడాదిలో ఏం చేస్తుందన్న ప్రశ్న బీమాకూ వేయాలి. కెన్యాలోని మార్సబిట్‌లో 2010 జనవరిలో పశుబీమా కొత్త పద్ధతిలో మొదలైంది. చచ్చిన పశువును లెక్కపెట్టరు. ఉపగ్రహం నుంచి నేల పచ్చదనం చూస్తారు, అది ఒక గీత కిందికి పడితే ఆ ప్రాంతంలో బీమా కట్టిన అందరికీ డబ్బు పడుతుంది. మొదట్లో పశువులు పోయాక మళ్లీ కొనుక్కోవడానికి అన్నట్టు డబ్బు ఇచ్చేవాళ్లు. తర్వాత ముందే, పశువు బతికుండగానే, మేతా నీళ్లూ కొనుక్కోమని ఇవ్వడం మొదలైంది. అసలు మెరుగు అది. ఇందుకు పూర్తి విరుద్ధం సిరియా, అల్జీరియా లాంటి చోట్ల ప్రభుత్వాలు కరువు సాయంగా మొదలుపెట్టిన సబ్సిడీ బార్లీ. కరువు పోయినా సబ్సిడీ పోలేదు. బీడు పోషించలేనన్ని గొర్రెలు బార్లీతో బతికి, వాన పడగానే మొలిచిన ప్రతి మొలకనూ కొరికేశాయి. సాయం పేరుతో చెడ్డ ఏడాదిని రద్దు చేస్తే, మంచి ఏడాదిలో గడ్డి లేవదు.

ధర ఎక్కువ వస్తే తక్కువ పశువులతో సరిపెట్టుకుంటారన్న ఆశకు మంగోలియా పెద్ద దెబ్బ. 1990లో సుమారు 2.6 కోట్లున్న పశువులు 2019 నాటికి ఏడు కోట్లు దాటాయి. అందులో ఎక్కువగా పెరిగింది కష్మీర్ ఉన్ని ఇచ్చే మేకలు. ఉన్నికి ధర పలకడంతో మంద ఇంకా పెరిగింది. 2009-10 శీతాకాలపు గడ్డకట్టే విపత్తులో కోటికి దగ్గరగా పశువులు చచ్చాయి. ధరతో పాటు ఎవరు ఎక్కడ ఎంత మేపాలన్న కట్టుబాటు లేకపోతే మార్కెట్ నేలను ఇంకా త్వరగా తింటుంది. మరో తప్పు రాజస్థాన్‌ది. ఒంటెను కాపాడాలని 2015లో వధనూ, రాష్ట్రం దాటించడాన్నీ నిషేధించారు. అమ్ముకునే దారి మూసుకుపోయాక సాకేవాడు ఎందుకు సాకుతాడు? అంతకు ముందు నుంచీ తగ్గుతున్న సంఖ్య మరింత జారింది. దేశం మొత్తంలో 2012లో నాలుగు లక్షలున్న ఒంటెలు 2019 పశుగణనలో రెండున్నర లక్షలకు దిగాయి. కచ్‌లో మాత్రం 2019లో అమూల్ ఒంటె పాలు సీసాల్లో అమ్మకానికి పెట్టింది. కాపరికి రోజూ చేతికొచ్చే డబ్బు అది.

ఇవన్నీ మనకెందుకంటారా? 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ బీళ్లు ఎడారి కావు గానీ, వాన నమ్మకం లేకపోవడంలో చుట్టరికం ఉంది. గొల్ల, కురుమ కాపరుల నల్ల దక్కనీ గొర్రె దూరం నడుస్తుంది, ఎండనూ మేత కొరతనూ ఓర్చుకుంటుంది. గొంగడికి గిరాకీ పడిపోయి ఉన్నికి ధర లేకుండా పోయాక, ఎత్తూ బరువూ ఉన్న నెల్లూరు పొట్టేళ్లతో దాటించడం పెరిగింది. సంతలో కిలోల లెక్క అది. క్రియోయో దగ్గర చూసినట్టు తల్లిని దక్కనీగానే ఉంచుకుని పొట్టేలును మార్చి ఉంటే వేరే సంగతి. ఇక్కడ తల్లి మందే మారిపోతోంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచిన పథకం కూడా తలల లెక్క చుట్టూ తిరిగింది. బయటి రాష్ట్రాల నుంచి లారీల్లో గొర్రెలు వచ్చాయి. వాటికి ఎండాకాలం మేత ఎక్కడన్న ప్రశ్న కాపరికే మిగిలింది.

ఆ మేత ఎక్కడుందో కాపరులకు తెలుసు. బీడు ఎండగానే మందలు కాలువల కింది మాగాణి వైపు కదులుతాయి. కోసిన వరి పొలంలో మేపుకుని, రాత్రి అక్కడే మంద కట్టి, ఎరువు ఇచ్చినందుకు రైతు దగ్గర డబ్బో వడ్లో తీసుకుంటారు. ఇలియస్, ఓ'కానర్ చెప్పిన ఆ చిన్న ముక్క, కరువులో మందను నిలబెట్టే ముక్క, మన దగ్గర అదే. కోత యంత్రాలు వచ్చాయి. రెండో పంటకు తొందరపడి మోళ్లకు నిప్పు పెట్టే చోట్ల ఆ మేత కాలిపోతోంది. పంటకూ పంటకూ మధ్య ఎడం తగ్గేకొద్దీ మందకు దొరికే రోజులూ తగ్గుతున్నాయి. అటవీ హక్కుల చట్టం 2006లో వలస కాపరుల మేత హక్కును రాతపూర్వకంగా గుర్తించింది, కానీ అది అడవికి సంబంధించిన మాట. కాలువ కింది పొలంలో కాపరికి ఉన్నది రైతుతో ఏటా కుదుర్చుకునే నోటి మాట మాత్రమే. మళ్లీ గొర్రెల పథకమేదైనా తలపెట్టేవాళ్లు, ఏ మండలపు మందలు మార్చి నుంచి జూన్ దాకా ఎవరి పొలాల్లో, ఎన్ని రోజులు, ఏ షరతు మీద మేస్తున్నాయో ముందు రాసుకుంటే, ఆ ఏడాది ఎన్ని గొర్రెలు పంచొచ్చో ఆ కాగితమే చెబుతుంది.